వెనక్కి తగ్గేవాడు పట్టాలెందుకు పీకుతాడు?

(విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. మాట్లాడినవారు రైల్వేలో ట్రాక్ నిర్వహణ విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజినీరు. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

నమస్కారం అండీ. ముందు రెండు వరసలూ ఖాళీగా ఉన్నాయి, వెనకాల నుంచున్నవాళ్లు వచ్చి కూర్చోండి. మొహమాటపడకండి. ముందు కూర్చున్నవాళ్లని ప్రశ్నలేమీ అడగను. అంటే, అడుగుతాను, మార్కులు మాత్రం వెయ్యను.

నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. ముప్పై ఏళ్లకి పైగా నేను మాట్లాడిందంతా ట్రాక్ పక్కన నిలబడి గ్యాంగ్‌మన్‌లతోనే. అక్కడ అరిస్తే తప్ప వినపడదు. అందుకని ఈ మైకు కాస్త దూరంగా పెట్టుకుంటున్నాను.

ఇదిగో, ఇది చేతులు మారుస్తూ అందరూ చూడండి. బాబూ, నువ్వు అందుకో. బరువుగా ఉంది కదా? దీన్ని డాగ్ స్పైక్ అంటారు. పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మల్ని స్లీపర్లు అంటారు. అవి చెక్కవిగా ఉన్న రోజుల్లో పట్టాని స్లీపర్‌కి పట్టి ఉంచింది ఈ మేకే. తల వైపు నుంచి చూడు, రెండు పక్కలా చెవుల్లా ఉన్నాయా లేదా? అందుకే దానికి కుక్క పేరు. ఆ చెవులు అందం కోసం కాదు. మేకు పీకాలంటే గడ్డపార కొన దూర్చడానికి పట్టు కావాలి, అందుకు. గుంటూరు వైపు మీటర్ గేజ్ తీసేసి బ్రాడ్ గేజ్ వేస్తున్న రోజుల్లో స్క్రాప్‌లోకి పోతుంటే మా ఇన్‌స్పెక్టర్ గారిని అడిగి ఒకటి తెచ్చుకున్నాను. మా ఇంట్లో చాలాకాలం తలుపుకి అడ్డం పెట్టుకున్నాం.

దీన్ని ఎందుకు తెచ్చానంటే, ఇవాళ నేను చెప్పబోయేదంతా ఒక రకంగా ఈ మేకులు పీకడం గురించే. యుద్ధంలో ఓడిపోయి వెనక్కి పోతున్న సైన్యం తన వెనకాల ఉన్న రైలు మార్గాన్ని తనే పాడుచేసి పోతుంది. ఎందుకు? ఎలా? పాడుచేస్తే నిజంగా ఏమన్నా ఒరిగిందా? చరిత్ర మాస్టార్లు దీన్ని సేనాపతుల వైపు నుంచి చెబుతారు. నాకు ఆ వైపు తెలీదు. నేను బాగుచేసేవాడిని. ఎక్కడన్నా పట్టాలు తెగిపోయాయని చదివితే నాకు మొదట వచ్చే ఆలోచన ఒకటే. దీన్ని మళ్లీ వెయ్యడానికి ఎన్ని గంటలు పడుతుంది?

ఎన్ని గంటలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

ముందు మన సంగతి చూద్దాం. 2024 సెప్టెంబర్ ఒకటో తారీకు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. బుడమేరు పొంగి ఊళ్లోకి వచ్చింది. సింగ్‌నగర్ వాళ్లు ఎవరన్నా ఉన్నారా? ఉన్నారు, చేతులు లేస్తున్నాయి. మీకు నేను గుర్తుచెయ్యక్కర్లేదు. అదే వానకి అటు కేసముద్రం, ఇంటికన్నె మధ్య ట్రాక్ కింద కంకర, మట్టికట్ట మొత్తం కొట్టుకుపోయింది. పట్టాలు, స్లీపర్లతో సహా, ఉట్టిలాగా గాలిలో వేలాడిన ఫోటో మీరంతా ఫోన్లలో చూశారు. చూసినవాళ్లు ఏమనుకున్నారు? ఇక నెల రోజులు బండ్లు ఉండవన్నారు. సెప్టెంబర్ 4కి బండ్లు కదిలాయి. ఎలా? పట్టాలు ఉన్నాయి, స్లీపర్లు ఉన్నాయి, పోయింది రాయి, మట్టి. రెండు వైపుల నుంచీ మనుషులు, యంత్రాలు, కంకర బండ్లు. రాత్రీ పగలూ పని. అయిపోయింది.

అంటే, కంటికి ఘోరంగా కనపడే నష్టం వేరు, నిజంగా బండిని ఆపే నష్టం వేరు. వెనక్కి పోయే సైన్యాలకి ఈ తేడా తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. వాళ్లు నేర్చుకున్నది ఎక్కువగా అమెరికా అంతర్యుద్ధంలో, అంటే అక్కడి ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు తమలో తాము చేసుకున్న యుద్ధంలో.

1862లో వర్జీనియాలో దక్షిణాది సైన్యం వెనక్కి పోతూ పొటోమాక్ క్రీక్ అనే వాగు మీది రైలు వంతెనని కాల్చేసింది. చెక్క వంతెన, అంటించారు, పోయింది. హమ్మయ్య, ఇక శత్రువు రాడు అనుకున్నారు. ఉత్తరాది వాళ్ల దగ్గర హెర్మన్ హాప్ట్ అని ఒక రైల్వే ఇంజినీరు ఉన్నాడు. ఆయనకి దొరికిన మనుషులు వడ్రంగం రాని సిపాయిలు. దొరికిన కలప పక్కనున్న అడవి, బెరడు కూడా తియ్యని దుంగలు. సుమారు 400 అడుగుల పొడవు, 80 అడుగుల ఎత్తు. ఎన్ని రోజుల్లో కట్టాడు చెప్పండి? తొమ్మిది పనిదినాలు! అమెరికా అధ్యక్షుడు లింకన్ వచ్చి చూసి, ఆ వంతెనలో చిక్కుడుపాదుకి పెట్టే కర్రలూ మొక్కజొన్న దంట్లూ తప్ప ఇంకేమీ లేవని నవ్వాడట. దాని మీద రోజూ బండ్లు నడిచాయి.

తగలబెట్టినవాడికి ఎంత కడుపుమంటగా ఉండి ఉంటుంది! తనదే వంతెన, తన చేత్తో కాల్చుకున్నాడు. కొనుక్కున్నది ఎంత? కొన్ని రోజులు.

కొనుక్కోవడం అన్నాను, కావాలనే అన్నాను. వెనక్కి పోయేవాడు పట్టాలు పీకేది కోపంతో కాదు. కోపంతో పీకినవాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి వదిలెయ్యండి. లెక్క తెలిసినవాడు పీకేది కాలం కొనుక్కోవడానికి. తన ఇనుము, తన వంతెన ఇచ్చి, శత్రువు దగ్గర గంటలు కొంటాడు. బేరం బాగుంటే వారం వస్తుంది, బాగోకపోతే ఒక పూట.

మరి బేరం బాగుండాలంటే ఏం చెయ్యాలి?

షెర్మన్ పేరు వినే ఉంటారు. 1864లో అట్లాంటా నుంచి సముద్రం దాకా నడిచిన ఉత్తరాది సేనాపతి. ఆయన వెనక్కి పోతున్నవాడు కాదు, ముందుకి పోతున్నవాడే. కానీ వెళ్లిన చోట ఉండేవాడు కాదు కాబట్టి తన వెనకాల మిగిలిన లైన్లు దక్షిణాదికి పనికిరాకుండా చెయ్యాలి. అందుకని పని ఒకటే. ఎలా చేసేవారంటే, మేకులు పీకి పట్టాలు విడదీస్తారు. స్లీపర్లు తీసి, మనం భోగిమంటకి కట్టెలు పేర్చినట్టు అడ్డంగా నిలువుగా పేరుస్తారు. దాని మీద పట్టాలు అడ్డంగా పెట్టి నిప్పు పెడతారు. పట్టా మధ్యలో ఎర్రగా కాలుతుంది, కొసలు చల్లగానే ఉంటాయి. ఆ కొసలు పట్టుకుని నలుగురైదుగురు చెట్టు దగ్గరికి తీసుకెళ్లి మాను చుట్టూ వంచేస్తారు. షెర్మన్ నెక్‌టై అని పేరు వచ్చింది దానికి.

చూడ్డానికి భలే ఉంది. కానీ ఇక్కడ కమ్మరి పని తెలిసినవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి, వంగిన ఇనుముని మళ్లీ కాల్చి సాపు చెయ్యలేమా? చెయ్యొచ్చు! చేశారు కూడా. ఆయన దగ్గర ఓర్లాండో పో అనే చీఫ్ ఇంజినీరు ఉన్నాడు, ఆయన గమనించింది అదే. వంచితే లాభం లేదు, మెలి తిప్పాలి. తడిబట్ట పిండినట్టు. దానికోసం ప్రత్యేకంగా ఒక కొక్కెం చేయించాడు. మెలి తిరిగిన పట్టాని కమ్మరి కొలిమిలో ఎవరూ సరిచెయ్యలేరు. కరిగించి మళ్లీ రోలింగ్ మిల్లులో, అంటే పట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీలో, తియ్యాల్సిందే. మరి దక్షిణాది దగ్గర రోలింగ్ మిల్లులు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అట్లాంటాలోనే ఒకటి ఉండేది. ఇది వినండి. అంతకు రెండు నెలల ముందు, 1864 సెప్టెంబర్ ఒకటో తారీకు రాత్రి, అట్లాంటా వదిలి పోతూ దక్షిణాది సేనాపతి హుడ్ తన మందుగుండు బండిని తనే పేల్చేశాడు. 28 వ్యాగన్ల మందుగుండు, అయిదు ఇంజన్లు. ముందే ఊరు దాటించి ఉండాల్సింది, ఆలస్యమైంది, ఈలోగా దారి తెగింది. ఇక పేల్చక తప్పలేదు. ఆ పేలుడుకి పక్కనే ఉన్న రోలింగ్ మిల్లు నేలమట్టమైంది. శత్రువు పట్టాలు మెలితిప్పుతున్నాడు, వాటిని మళ్లీ తియ్యగల మిల్లుని మనమే పడగొట్టుకున్నాం! బండి ఒక్క రోజు ముందు కదిలి ఉంటే ఎలా ఉండేదో. నాకు బండి లేటైతే ఇప్పటికీ టెన్షనే, రిటైరైనా పోలేదు.

సరే, సూత్రం అర్థమైంది కదా. ఎంత పాడుచేశావన్నది కాదు లెక్క, వాడి స్టోర్‌లో లేనిది పాడుచేశావా లేదా. మామూలు పట్టా ఎక్కడైనా దొరుకుతుంది. ఇప్పటి మన మెయిన్ లైన్ పట్టా మీటరుకి 60 కిలోలు, 13 మీటర్ల ముక్క 780 కిలోలు. బరువే, కానీ మనుషులుంటే మోసుకొచ్చి వేస్తారు. వంపులో వేసే పట్టా అలా కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అరేబియాలో హెజాజ్ రైల్వే మీద తుర్కుల బండ్లని పేల్చిన బ్రిటిష్ అధికారి లారెన్స్ ఆ సంగతి కనిపెట్టాడు. వంపు దగ్గర పట్టా పాడుచేస్తే బాగుచేసేవాళ్లకి రెండింతలు చాకిరీ. ఇంకా కష్టమైనవి పాయింట్లూ క్రాసింగ్‌లూ, బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోట ఉండేవి. స్టేషన్‌లోకి వస్తుంటే ఖణ్‌ఖణ్‌మని చప్పుడొస్తుందే, అవి. దాన్ని పొలంలో కూర్చుని తయారుచెయ్యలేవు.

వీటన్నిటికన్నా జనానికి తట్టనిది ఒకటుంది. ఎవరన్నా చెప్తారా? ఆవిరింజన్ నడవాలంటే బొగ్గుతో పాటు ఇంకేం కావాలి? ఆ, నీళ్లు! వెనకనుంచి ఎవరో కరెక్టుగా చెప్పారు. లోకో షెడ్‌లో చేశారా సార్ మీరు? అనుకున్నాను.

నీళ్ల కథ రష్యాది. 1941 జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్ మీదికి వచ్చింది. జూలై 3న స్టాలిన్ రేడియోలో మాట్లాడుతూ చెప్పాడు, వెనక్కి తగ్గాల్సి వస్తే శత్రువుకి ఒక్క ఇంజన్ దక్కకూడదు, ఒక్క వ్యాగన్ దక్కకూడదు, ఒక్క కిలో ధాన్యం దక్కకూడదు అని. చేశారు. ఇంజన్లని తూర్పుకి తోలుకుపోయారు, తోలుకుపోలేనివి పాడుచేశారు. జర్మన్లకి ఇంజన్లు కొద్దిగానే దొరికాయి.

అయితే మా బండ్లే నడుపుతాం అన్నారు జర్మన్లు. ఇక్కడ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, అడ్డం వచ్చింది. రష్యా గేజ్ 1524 మిల్లీమీటర్లు, జర్మనీది 1435. తేడా 89 మిల్లీమీటర్లు, అంటే నా ఈ నాలుగు వేళ్లంత. మన బ్రాడ్ గేజ్ 1676, మనది ఇద్దరికన్నా వెడల్పు, అది వేరే సంగతి. ఆ నాలుగు వేళ్ల కోసం జర్మన్ రైల్వే సిపాయిలు వేల కిలోమీటర్లు ఒక పక్క పట్టాలో మేకులు పీకి, లోపలికి జరిపి, మళ్లీ కొట్టుకుంటూ పోయారు. ఇదిగో ఇలాంటి మేకులే. నిజం చెప్పాలంటే అది పెద్ద కష్టమైన పని కాదు. నేను గేజ్ కన్వర్షన్‌లో చేసినవాడిని, చెప్తున్నాను వినండి. పెద్ద గేజ్‌ని చిన్నది చెయ్యడం తేలిక, స్లీపర్ ఎలాగూ పొడవుగానే ఉంటుంది. చిన్నదాన్ని పెద్దది చెయ్యాలంటేనే చచ్చే చావు, స్లీపర్ చాలదు, అన్నీ మార్చాలి. మనం మీటర్ గేజ్ మార్చినప్పుడు పడ్డ పాట్లు అవే.

కాబట్టి గేజ్ వాళ్లని ఆపలేదు, ఆలస్యం చేసింది. అసలు దెబ్బ కొట్టింది నీళ్లు. రష్యా ఇంజన్లు పెద్దవి, ఒకసారి నీళ్లు పట్టుకుంటే చాలా దూరం పోతాయి. అందుకని వాళ్ల నీళ్ల స్టేషన్లు దూరం దూరంగా ఉండేవి. పోతూ పోతూ ఆ ట్యాంకులు కూడా పడగొట్టి పోయారు. జర్మన్ ఇంజన్ చిన్నది, దాహం ఎక్కువ. అంటే ఉన్నవి మళ్లీ కట్టుకోవాలి, మధ్య మధ్యలో కొత్తవి కూడా కట్టుకోవాలి. ఈలోగా చలికాలం వచ్చింది. జర్మన్ ఇంజన్ల నీటి గొట్టాలు బాయిలర్ బయట ఉండేవి, ఆ చలికి గడ్డకట్టి పగిలిపోయాయి. మాస్కో ముందు నిలబడ్డ సైన్యానికి కోట్లు రాలేదంటే, కోట్లు కుట్టక కాదు. బండి రాక.

తర్వాత రెండేళ్లకి పాచికలు తిరగబడ్డాయి. ఇప్పుడు జర్మన్లు వెనక్కి పోతున్నారు. వాళ్లు దీనికోసం ఒక యంత్రమే చేసుకున్నారు. పట్టాల నాగలి అనొచ్చు. ఒక వ్యాగన్‌కి వెనకాల పెద్ద ఉక్కు కొక్కెం, నిజంగా నాగలికర్రులా ఉంటుంది. ముందు పట్టాల మధ్య కంకర తవ్వి గొయ్యి తీస్తారు, ఆ గోతిలోకి కొక్కెం దింపుతారు, ముందు ఇంజన్ లాగుతుంది. చెక్క స్లీపర్లు నడుముకి విరిగిపోతూ వస్తాయి, ఒకదాని తర్వాత ఒకటి, టపటపా. దున్నిన చేనులా ఉంటుంది వెనకాల. దాంతోపాటు పట్టాలకి మందుగుండు కూడా పెట్టేవాళ్లు. రష్యాలో వాడారు, ఇటలీలో వాడారు. ఫోటోలు చూస్తే, నేను మాత్రం ఎక్కువసేపు చూడలేకపోయాను. ప్రతి స్లీపర్‌నీ ఒక మనిషి భుజం మీద మోసి పెట్టి ఉంటాడు కదా.

ఇంకో సంగతి గమనించండి. ఆ నాగలి లాగుతున్న ఇంజన్ ఏ పట్టాల మీద ఉంది? ఇంకా పాడుచెయ్యని పట్టాల మీద. తన వెనకది విరగ్గొట్టుకుంటూ ముందున్నదాని మీద పారిపోతుంది. కూర్చున్న కొమ్మ నరుక్కోవడం అంటాం మనం, తెలివితక్కువ పనికి. యుద్ధంలో అది తప్పనిసరి పని. కాకపోతే దిగాక నరకాలి. అందరూ దిగాక నరకాలి. ఈ 'అందరూ దిగాక' అన్నచోటే ఘోరాలు జరిగాయి.

ఇక్కడ కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే ఇది మనవాళ్ల కథ.

1942 ఫిబ్రవరి, బర్మా. జపాన్ సైన్యం రంగూన్ మీదికి వస్తోంది. మధ్యలో సిట్టంగ్ నది, దాని మీద రైలు వంతెన. మన కృష్ణ బ్రిడ్జిలా ఇనప గర్డర్ల వంతెన అనుకోండి. దాటడానికి అదొక్కటే ఆధారం. రైలు వంతెన మీద లారీలు పోవాలి కాబట్టి చెక్క పలకలు పరిచారు. వెనక్కి వస్తున్నది 17వ భారత పదాతి దళం. పేరులోనే ఉంది, అందులో మనవాళ్లు, గూర్ఖాలు, బ్రిటిష్ వాళ్లు. 22వ తేదీ తెల్లవారకముందే ఒక లారీ పలకల మీంచి చక్రం జారి వంతెన మీద ఇరుక్కుపోయింది. ఒక్క లారీ. దాన్ని తియ్యడానికి గంటలు పట్టింది. వెనకాల మైళ్ల పొడుగునా బండ్లు ఆగిపోయాయి. ఆ గంటల్లో జపాన్ వాళ్లు అడవిలోంచి వంతెన దగ్గరికి వచ్చేశారు.

ఆ రాత్రి వంతెన కాపాడుతున్న అధికారి పరిస్థితి ఆలోచించండి. దళంలో రెండు బ్రిగేడ్లు ఇంకా అవతలి ఒడ్డునే ఉన్నాయి. వాళ్లతో సంబంధం సరిగా లేదు. వంతెన శత్రువు చేతికి చిక్కితే రంగూన్‌కి తలుపు తెరిచినట్టే. తెల్లారితే పేల్చగలమో లేదో నమ్మకం లేదు. పై సేనాపతి స్మైత్‌కి ఫోన్ చేశారు. ఆయన సరే అన్నాడు. 23వ తేదీ తెల్లవారుజామున అయిదున్నరకి పేల్చేశారు. మందుగుండు పెట్టింది కూడా మన సాపర్లే, అంటే సైన్యంలో ఇంజినీరింగ్ పని చేసే సిపాయిలే, మలేర్‌కోట్లా సంస్థానం కంపెనీ.

ఆ చప్పుడుకి కాసేపు రెండు వైపులా కాల్పులు ఆగిపోయాయంటారు. అవతలి ఒడ్డున ఉన్నవాళ్లకి ఆ చప్పుడు అర్థం కావడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? ఆ తర్వాత వాళ్లు చేసింది, తుపాకులు వదిలేసి, బూట్లు వదిలేసి, వెదురు బొంగులు, ఖాళీ డబ్బాలు, దొరికిందల్లా కట్టుకుని నదిలో దిగారు. ఈత రానివాళ్లు ఎంతమంది! తర్వాత లెక్క చూస్తే ఆ దళంలో మిగిలిన కాల్బలం దాదాపు 3,500 మంది, వాళ్ల చేతుల్లో 1,400 చిల్లర రైఫిళ్లు. స్మైత్ ఉద్యోగం పోయింది. ఆయన చేసింది తప్పా, కాదా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ గంటలో ఆ ఫోన్ పట్టుకుని నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలీదండీ. ఒక సిగ్నల్ ఇవ్వాలా వద్దా అని తేల్చుకోలేక చెమటలు పట్టిన రాత్రులు నాకున్నాయి, అదీ ఒక గూడ్స్ బండి కోసం.

మరి దానితో కొన్నది ఎంత? జపాన్ వాళ్లు పది రోజుల్లోపే పైన వేరేచోట నది దాటారు. మార్చి 8న రంగూన్ పడిపోయింది. రెండు వారాలు కూడా రాలేదు.

అది తొందరపడిన కథ. ఆలస్యమైన కథ జర్మనీలో ఉంది, రేమాగెన్ అనే ఊళ్లో, రైన్ నది మీద రైలు వంతెన. దాని ముందు సంగతి చెప్తేగాని అర్థం కాదు. 1944 అక్టోబర్‌లో కలోన్ దగ్గర ఒక వంతెనకి ముందుగానే మందుగుండు పెట్టి సిద్ధంగా ఉంచారు. విమానం నుంచి పడ్డ బాంబు దెబ్బకి అదంతా పేలి వంతెన ముందే కూలిపోయింది. హిట్లర్‌కి కోపం వచ్చి ఆజ్ఞ వేశాడు, శత్రువు దగ్గరికి వచ్చేదాకా వంతెనలకి మందుగుండు పెట్టకూడదు, రాసిచ్చిన ఆజ్ఞ లేకుండా పేల్చకూడదు అని. దాని ఫలితం 1945 మార్చి 7. అమెరికన్లు కొండ మీంచి చూస్తే వంతెన ఇంకా నిలబడే ఉంది! కింద జర్మన్ అధికారులకి అడిగిన మందుగుండులో సగమే వచ్చింది, అదీ గనుల్లో వాడే బలహీనమైన సరుకు. మీట నొక్కారు, పేలలేదు. ఒకడు గుళ్ల వర్షంలో పాక్కుంటూ వెళ్లి వత్తి అంటించాడు. పేలింది. వంతెన పైకి లేచింది. లేచి, మళ్లీ అక్కడే కూర్చుంది. అమెరికన్లు దాని మీద పరుగెత్తుకుంటూ రైన్ దాటేశారు. పది రోజుల తర్వాత, మార్చి 17న, ఎవరూ పేల్చకుండానే అది తనంతట తను కూలిపోయింది. పాతిక మందికి పైగా అమెరికన్ ఇంజినీరింగ్ సిపాయిలు పోయారు, మరమ్మతు చేస్తున్నవాళ్లు. హిట్లర్ మాత్రం నలుగురు అధికారులని కాల్పించాడు.

కొరియా యుద్ధంలో, 1950 జూన్ 28 తెల్లవారకముందే, సియోల్‌లో హాన్ నది మీద ఇంకా ఘోరం. జనంతో కిక్కిరిసి ఉండగానే రోడ్డు వంతెన పేల్చారు, వందల మంది పోయారు. పక్కనున్న రైలు వంతెనల్లో ఒక లైను తెగనే లేదు, శత్రువు దాని మీదే దాటాడు. పేల్చిన ఇంజినీరింగ్ అధికారిని కాల్చేశారు, పద్నాలుగేళ్ల తర్వాత కోర్టు ఆయన తప్పు లేదంది. ముందే పేల్చినా ఇంజినీరే, పేలకపోయినా ఇంజినీరే. ఇక్కడున్న మా డిపార్ట్‌మెంట్ వాళ్లు నవ్వుతున్నారు, వాళ్లకి తెలుసు.

మళ్లీ బర్మాకి వద్దాం. రంగూన్ అంటే మన పెద్దవాళ్లకి రంగం. "రంగం పోయాడు" అంటే సంపాదనకి పోయాడని. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి ఎంతమంది వెళ్లారో. అక్కడ రేవుల్లో మూటలు మోసినవాళ్లు, మిల్లుల్లో చేసినవాళ్లు, రిక్షా లాగినవాళ్లు చాలామంది తెలుగువాళ్లే. మనవాళ్లని అక్కడ కోరంగివాళ్లు అనేవారు, మన కోరంగి రేవు పేరు మీద. 1942లో లక్షల మంది ఉత్తరానికి పడి నడిచారు. మా అమ్మమ్మ గారి ఊళ్లో అలా నడిచి వచ్చిన తాత ఒకాయన ఉండేవాడు. ఆయన బర్మా గురించి అడిగితే యుద్ధం చెప్పేవాడు కాదు, "రైలుంటుందన్నారురా, స్టేషన్‌కి వెళ్తే లేదురా" అనేవాడు, అంతే. ఎన్నిసార్లు అడిగినా అదే వాక్యం. చిన్నప్పుడు మాకు అది జోకులా ఉండేది.

ఏప్రిల్ 30 రాత్రి ఐరావతి నది మీద ఆవా వంతెన పేల్చేశారు. అప్పటికి అది కట్టి ఎనిమిదేళ్లే. మళ్లీ దాని మీద రైలు పోయింది 1954లో. సైన్యం దాటాకే పేల్చారు, సిట్టంగ్ పాఠం నేర్చుకున్నారు. కానీ ఆ తర్వాత వెనకాల వచ్చిన జనం? వాళ్లని ఏ లెక్కలో వేశారు?

పేల్చని వంతెన కూడా ఒకటుంది అక్కడ, గోక్‌టెయిక్. 1901లో కట్టిన ఉక్కు వంతెన, వంద మీటర్ల లోయ మీద బొమ్మలాగా నిలబడి ఉంటుంది. మైకేల్ కాల్వర్ట్ అనే ఇంజినీరింగ్ అధికారి తన మనుషులతో దాని దగ్గర ఉన్నాడు. పేల్చడానికి తహతహ. ఆజ్ఞ రాలేదు. ఆజ్ఞ లేదు కాబట్టి పేల్చకుండా వచ్చేశాడు. తర్వాత తెలిసిందట, సేనాపతి అలెగ్జాండర్ ఏవో రాజకీయ కారణాల వల్ల నోటితో పేల్చమని చెప్పలేక, ఎవరి మాటా విననివాడని పేరున్న ఈయన్ని ఏరికోరి అక్కడికి పంపాడని! జీవితంలో ఒక్కసారి చెప్పిన మాట విన్నాడు, అది ఆ రోజు. ఆ వంతెన మీద ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు బండ్లు నడిచాయి.

జపాన్ వాళ్లు బర్మాకి సరుకు చేర్చడానికి సయాం, అంటే ఇప్పటి థాయిలాండ్, నుంచి కొత్త లైను వేశారు, 415 కిలోమీటర్లు, 1942–43ల్లో, ఏడాదిలో. ఖైదీ సిపాయిల గురించి మీకు తెలుసు, 12,000 మందికి పైగా చనిపోయారు. ఆసియా కూలీల గురించి తక్కువ తెలుసు, వాళ్లు సుమారు 90,000 మంది పోయారని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకెళ్లిన తమిళులు, వాళ్లలో మన తెలుగువాళ్లు. ఆ లైనుకి పట్టాలు ఎక్కడివి అనుకుంటున్నారు? మలయాలో తూర్పు తీరం లైను పీకి తెచ్చారు. ఒకచోట పీకిన మేకు ఇంకోచోట కొట్టారు. యుద్ధం అయ్యాక సరిహద్దు దగ్గర పట్టాలు బ్రిటిష్ వాళ్లు మళ్లీ పీకేశారు. థాయిలాండ్‌లో 130 కిలోమీటర్లు ఇప్పటికీ నడుస్తోంది, టూరిస్టులు ఎక్కుతున్నారు.

టైమ్ అయిందని సైగ చేస్తున్నారు. ఒక్క రెండు నిమిషాలు.

ఇంత దూరం వెళ్లక్కర్లేదు. కాకినాడ నుంచి కోటిపల్లి, 45 కిలోమీటర్లు, 1928లో లైను వేశారు. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పీకేశారు. శత్రువు రాలేదు, బాంబు పడలేదు, ఎవరూ వెనక్కి పోలేదు. శుభ్రంగా, ఒక్కో మేకు లెక్కపెట్టి, రసీదు రాసి పీకి ఉంటారు, మా వాళ్ల పద్ధతి నాకు తెలుసు కదా. మళ్లీ దాని మీద బండి నడిచింది ఎప్పుడు? 2004లో. అరవై నాలుగేళ్లు! హాప్ట్ వంతెన తొమ్మిది రోజులు, కేసముద్రం నాలుగు రోజులు, ఆవా పన్నెండేళ్లు, కోటిపల్లి అరవై నాలుగేళ్లు. సైన్యం వెంటపడితే తొమ్మిది రోజులు, కోనసీమ జనం అడిగితే అరవై నాలుగేళ్లు. ద్రాక్షారామం వెళ్లే ముసలమ్మకి ఎంత తొందర ఉంటే మాత్రం ఎవరికి పట్టింది.

ఆ లైను మళ్లీ మొదలయ్యాక ఒకసారి వెళ్లాను, పని మీద కాదు, ఊరికే. ఒకే పెట్టె రైల్‌బస్సు. నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. తన చిన్నప్పుడు ఈ కట్ట మీద గేదెల్ని తోలుకెళ్లేవాళ్లమని చెప్పాడు. ఇది రైలుకట్ట అని తెలుసా అప్పుడు, అని అడిగాను. తెలుసండీ, అందరూ రైలుకట్ట అనేవాళ్లు, రైలు మాత్రం ఎవరూ చూడలేదు అన్నాడు.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే టీ తాగుతూ అడగండి. అన్నట్టు ఆ స్పైక్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది? అమ్మా, మీ దగ్గరా? ఇలా ఇచ్చెయ్యండి, మా ఇంట్లో తలుపు గాలికి కొట్టుకుంటూ ఉంటుంది.